పరుషాలు

క చ ట త ప లను తెలుగు వ్యాకరణంలో పరుషాలంటారని హైస్కూల్లో చెప్పారు. ఆ సంగతి నా నాలుకకి అంతకు చాలా ముందే తెలుసు. మిగతా అక్షరాలన్నీ నా నోట్లోంచి బుద్ధిగా బయటికి వచ్చేవి. ఈ అయిదింట్లో దేనితోనైనా మాట మొదలైందంటే చాలు, గడియ పడిపోయేది. క దగ్గర గొంతు బిగుసుకునేది. ప దగ్గర పెదవులు రెండూ అతుక్కుపోయి, ఎంత తన్నుకున్నా విడివడేవి కావు. నత్తి ఉన్నవాళ్లకి మాట తోచదని చాలామంది అనుకుంటారు. తోచకపోవడమేమిటి, నా మొహం! మాట నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. బయటికి రాదు, అంతే. లోపల అది, బయట జనం, మధ్యలో నేను.

చిన్నప్పుడు అమ్మ నన్ను శెట్టిగారి కొట్టుకి కందిపప్పు కోసం పంపేది. కొట్టు ముందు నిలబడి "క... క..." అంటూ ఉంటే వెనక వచ్చినవాళ్లు ముందుకు తోసుకొచ్చి వాళ్ల సరుకులు వాళ్లు కట్టించుకుని పోయేవారు. చివరికి శెట్టిగారు విసుక్కుని "ఏం కావాలమ్మా, తొందరగా చెప్పు" అనేసరికి భయపడి "మినపప్పు" అనేదాన్ని. మ కి ఏ గొడవా లేదు.

"ఏంటే ఇది? కందిపప్పు తెమ్మంటే మినపప్పు తెచ్చావేంటి? చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?" అని అమ్మ కేకలేసేది. చెవులు బాగానే ఉన్నాయని చెబుదామంటే దాని మొదట్లో కూడా చ ఉంది. నోరు మూసుకుని నిలబడేదాన్ని. ఆ వారమంతా ఇంట్లో మినపట్లే.

మామ్మ మాత్రం ఊరుకోలేదు. "పుట్టినప్పుడు దీనికి వస పొయ్యలేదు, అందుకే ఇలా తగలడింది" అని అమ్మని దెప్పుతూ, ఆదివారం గుడి నుంచి రాగానే వసకొమ్ము సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి నా నాలుకకి రాసేది. ఆ చెయ్యే నా తల మీద పెట్టి ప్రార్థన కూడా చేసేది. దేన్నీ వదిలే మనిషి కాదు. వస ఘాటుకి కళ్లంబట నీళ్లొచ్చేవి గానీ క రాలేదు. ఇప్పటికీ నేను తేనె ముట్టను.

మాది లూథరన్ కుటుంబం, చర్చిని మేం గుడి అనే అంటాం. క్రిస్మస్‌కి పిల్లలందరూ గుడిలో తలా ఒక వాక్యం కంఠతా చెప్పాలి. ఒక సంవత్సరం నా వంతుకొచ్చిన వాక్యం "ప్ర"తో మొదలైంది. కొత్త గౌను తొడుక్కుని ముందుకెళ్లి నిలబడ్డాను. పెదవులు మూసుకున్నాయి. ముందు వరసలో ఆడవాళ్లు ఆ మొదటి మాట అందించారు. తర్వాత పాస్టరు అయ్యగారు అందించారు. ఆ తర్వాత, దేవుడా, గుడి గుడంతా ఒక్కటై ఆ వాక్యం మొదట్నించి చివరిదాకా చెప్పేసింది. చెప్పేసి నాకు చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక ప్రతి ఒక్కరూ అమ్మతో "పాపం, పిల్ల బంగారం" అన్నారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. అదే నా చావుకొచ్చింది. చెడ్డవాళ్లయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అందించడం! ఆ మాట వింటే నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది. నేను ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు చటుక్కున మాట అందించేవారు. సగంసార్లు తప్పు మాట. అయినా తలూపేదాన్ని, ఎందుకంటే కాదని చెప్పాలంటే మళ్లీ క దగ్గరికే వెళ్లాలి. అలా నా బదులు జనం మాట్లాడగా మాట్లాడగా, నేను ఇష్టపడని కూరలు నాకిష్టమని ఇంట్లో స్థిరపడిపోయింది, నేను అనని మాటలు నేనన్నట్టు బంధువుల్లో ప్రచారమైపోయింది. ఎదురు చెప్పబోతే అమ్మ ముద్దుచేసేది. "నీకెందుకే అంత బాధ? నీ బదులు మాట్లాడ్డానికి మేమంతా లేమూ?" అనేది. నా జీవితమంతా అలాగే గడుస్తుందని, రేపు మొగుడొచ్చినా ఆయనే నా బదులు మాట్లాడతాడని, పోయాక నా సమాధి మీద కూడా ఎవరో మాట అందిస్తారని అనిపించేది.

అందుకే టీచర్ని కావాలనుకున్నాను. నవ్వకండి. మా నాన్నగారు మిషన్ బడిలో హెడ్మాస్టరు. ఆయన తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని నేను ఒక సంగతి గమనించాను. లోకం మొత్తం మీద ఎవరూ మాట అందించని మనిషి ఒక్క టీచరే. ఆయన ఆగితే తరగతి ఆగుతుంది. నాకు అది కావాలి. మా ఇళ్లల్లో ఆడపిల్లకి అప్పట్లో రెండే దారులు, నర్సు ట్రైనింగు, టీచరు ట్రైనింగు. రెండూ కాకపోతే ఇల్లు. ఇంట్లో ఏం జరుగుతుందో ఇందాకే చెప్పాను.

డెబ్బైల మధ్యలో ఒక వేసవిలో నాన్నగారు నన్ను రాజమండ్రి ట్రైనింగు స్కూలుకి తీసుకెళ్లారు. ప్రిన్సిపాలమ్మగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఏం అవుదామని వచ్చావమ్మా?" అని అడిగారు. టీచరు అందామంటే ట. పంతులమ్మ అందామంటే ప. తెలుగు వాచకంలో ఎక్కడో చదివిన మాట గుర్తొచ్చి, "బోధకురాలిని" అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "దేవుని సేవ చెయ్యడానికా! చాలా సంతోషం తల్లీ. కానీ బోధకుల ట్రైనింగు ఇక్కడ కాదు, అది వేరే" అన్నారు. మా క్రైస్తవుల్లో బోధకులంటే వాక్యం చెప్పేవాళ్లు మరి. నేను గుడ్లప్పగించి చూస్తుంటే నాన్నగారు ముందుకు వంగి, "టీచరండి, టీచరు అనబోయి అలా అందండి" అని అందించారు. మార్కులు బాగున్నాయని సీటిచ్చారు. నేను నోరు తెరిచి సంపాదించుకున్నది మాత్రం కాదు.

మొదటి నెలలు ఎలాగో నెట్టుకొచ్చాను. పరీక్షలు రాతలో ఉండేవి, నా దస్తూరి ముత్యాల్లా ఉండేది. తర్వాత టీచింగ్ ప్రాక్టీసు మొదలైంది. గోదావరి గట్టు పక్కనున్న చిన్న బడిలో నాకు ఒకటో తరగతి ఇచ్చారు. అక్కడ చదువు చెప్పే పద్ధతి ఒకటే. టీచరు అంటుంది, పిల్లలు అంటారు. "అ" అంటే "అ". "అమ్మ" అంటే "అమ్మ". ఏం వినబడితే అది, గొంతు చించుకుని. పరుషాలు వచ్చినప్పుడల్లా నేను బోర్డు మీద రాసి, బెత్తంతో చూపించి, ఎవరో ఒక పిల్లచేత అనిపించి తప్పించుకునేదాన్ని. తప్పించుకోవడంలో నాకున్న ప్రావీణ్యానికి డిగ్రీ ఇచ్చి ఉంటే ఈపాటికి డాక్టరేటు వచ్చి ఉండేది.

తప్పించుకోలేనిది క్రిటిసిజం లెసన్. పేరులోనే ఉంది. మనం పిల్లలకి పాఠం చెబుతుంటే తోటి ట్రైనీలు, లెక్చరరుగారు వెనక కుర్చీలేసుకుని కూర్చుంటారు. అయ్యాక ఒక్కొక్కరే లేచి మన తప్పులు ఏకరువు పెడతారు. ఇందులో గట్టెక్కితేనే చివర ప్రాక్టికల్ పరీక్షకి పంపుతారు. ప్రాక్టికల్ తప్పితే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే ఇల్లు, అమ్మ, "నీ బదులు మేం లేమూ".

ఏ పాఠం చెప్పాలో మనమే ఎంచుకోవచ్చు. వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని ఆవును ఎంచుకున్నాను. పిల్లి కాదు, కుక్క కాదు, చిలక కాదు. ఆవు! ఆ మాటలో ఎక్కడా గడియ లేదు. తోక, కొమ్ములు బొమ్మలో చూపించి పిల్లలచేత అనిపించొచ్చు, చిక్కల్లా ఒక్క మాటతో. పాలు. దానికి బదులు క్షీరం అందామా అంటే అదీ క తోనే చచ్చింది. దుగ్ధం అనొచ్చు, ఒకటో తరగతి పిల్లలకి! చివరికి ఉపాయం తట్టింది. "ఆవు మనకి ఏమిస్తుంది?" అని అడుగుతాను. పిల్లలే పాలు అంటారు. నేను "భేష్" అంటాను. అయిపోయింది.

ఆ రోజు పాఠం చక్కగా నడిచింది. బొమ్మ వేశాను. తోక చూపించాను, కొమ్ములు చూపించాను, పిల్లలే పేర్లు చెప్పారు. వెనక లెక్చరరుగారు తలూపడం కనిపించింది. హమ్మయ్య అనుకుని, "ఆవు మనకి ఏమిస్తుంది?" అన్నాను.

"పేడండీ!" అంది తరగతి మొత్తం.

నవ్వులు. సరే, గట్టు పక్క పిల్లలు, పొద్దున్నే లేచి పేడ ఎత్తేవాళ్లు, వాళ్లకి తెలిసింది వాళ్లు చెప్పారు. "ఇంకా?" అన్నాను.

"దూడండీ!"

"ఇంకా?"

"గెత్తవండీ!" పేడ మాగితే అయ్యే ఎరువు.

"ఇంకా ఏమిస్తుంది? అందరం రోజూ... అన్నంలో... ఉదయాన్నే..." అని గ్లాసు ఎత్తి తాగినట్టు అభినయించాను. "కల్లండీ!" అన్నాడు ఒకడు. వెనక కుర్చీల్లో ఒకావిడ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ వీధిలో పాలంటే గేదె. ఆవు పాలిస్తుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. గది తలుపులన్నీ మూసేసినట్టయింది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. పెదవులు బిగుసుకున్నాయి. కళ్లు మూసుకుని తోశాను.

"ప ప ప పాలు!"

పిల్లలు ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. టీచరు అంటే అనాలి. చేతులు కట్టుకుని, పైకప్పు అదిరిపోయేలా, "ప ప ప పాలు!" అన్నారు.

నాకు చచ్చిపోవాలనిపించింది. దిద్దుదామని మళ్లీ నోరు తెరిచాను. ఈసారి ప లు ఇంకా ఎక్కువ వచ్చాయి. వాళ్లు లెక్క తప్పకుండా అన్నీ అప్పజెప్పారు. వెనక కుర్చీలు కిర్రుమంటున్నాయి. లెక్చరరుగారు రుమాలుతో ముఖం తుడుచుకుంటున్నారు. గంట కొట్టేదాకా బోర్డుకేసి తిరిగి ఆవు కాళ్లకి రంగు వేస్తూ ఉండిపోయాను.

తర్వాత విమర్శ. ఒక్కొక్కరే లేచారు. "బొమ్మ బాగా వేశారు." "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి." "సుద్దముక్క పట్టుకునే పద్ధతి బాగుందండి." నత్తి మాట ఒక్కరూ ఎత్తలేదు. సుద్దముక్క పట్టుకునే పద్ధతట! తిట్టినా బాగుండేది. అంతా అయ్యాక లెక్చరరుగారు నన్ను పక్కకి పిలిచి, మెత్తగా, "నీ మంచి కోరి చెబుతున్నానమ్మా. నర్సు ట్రైనింగుకి పెట్టుకోకూడదూ? వాళ్లకి పెద్దగా మాట్లాడే పనుండదు. పరీక్షకి పంపడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, బయటి పరీక్షకుడి ముందు నువ్వు మళ్లీ ఇలా..." అని ఆగారు. ఆవిడ ఆగితే నేను అందించలేదు.

హాస్టలుకి వచ్చి ట్రంకుపెట్టె సర్దేశాను. ఇంటికి పోతే ఏమవుతుందో తెలుసు, ఇక్కడుంటే ఏమయిందో చూశాను. రెండూ ఒకటే గది, పేర్లే వేరు. బస్టాండుకి వెళ్లి మా ఊరి బస్సెక్కాను. మా ఊరి పేరు కూడా క తోనే మొదలవుతుంది, దేవుడి దయ. కండక్టరు వచ్చి "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"క... క..."

"కాకినాడా?" అని టిక్కెట్టు చింపబోయాడు. నేను తల అడ్డంగా ఊపాను. పక్క సీటావిడ, "కాదండీ, కొత్తపేట లాగుంది. కదమ్మా?" అంది. వెనక నుంచి ఇంకెవరో, "కడియం అయ్యుంటదండి" అన్నారు. నా ఊరు ఏదో ముగ్గురూ కలిసి తీర్మానం చేస్తున్నారు. నేను అక్కడే ఉన్నాను! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నా మాట సరే, నేను వెళ్లే ఊరు కూడా వీళ్లే చెబుతారా? పెట్టె తీసుకుని దిగిపోయాను. "ఏంటమ్మా ఈ గోల, దిగేదానివి ఎక్కడం దేనికి?" అని కండక్టరు వెనక అరుస్తూనే ఉన్నాడు. ధైర్యం కాదు అది, ఉత్త ఉక్రోషం. దాంతోనే హాస్టలుకి తిరిగొచ్చాను.

మర్నాడు బడి గుమ్మంలో ఒకావిడ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. "ఏవండీ టీచరమ్మగారూ, మావోడు నిన్నట్నించీ పాలు అన్లేకపోతన్నాడండి. ప ప ప అంటన్నాడు. అలా కాదురా అంటే మా టీచరుగారు అలాగే అనమన్నారని నన్నే దెబ్బలాడతన్నాడు. ఇదేం సదువండీ?" అంది. లోపలికి వెళ్లి, భయంభయంగానే "ఆవు ఏమిస్తుంది?" అని అడిగాను. పేడ అన్నవాళ్లు ఒక్కరు లేరు. "ప ప ప పాలండీ!" అన్నారు. ఎంత సంతోషంగా అన్నారో! నేర్చుకున్నారు మరి. వాళ్ల ముఖాల్లో వెటకారం కోసం వెతికాను. ఒక్కళ్ల దగ్గరా లేదు. ఆ మాట అలాగే ఉంటుందనుకున్నారు.

అప్పుడు భయం ఇంకో దిక్కు నుంచి పట్టుకుంది. నేను ఇప్పుడు నోరు మూసుకుంటే ఈ తరగతి మొత్తానికి నా నత్తి అంటించి వెళ్లినదాన్నవుతాను. దిద్దాలంటే ఆ మాట మళ్లీ మళ్లీ అనాలి. ఎన్నిసార్లు తప్పితే అన్నిసార్లు. ఇంకో దారి లేదు. కుర్చీ పట్టుకుని నిలబడి చెప్పాను.

"నాకు నత్తి ఉంది. అంటే నా మాట మధ్యలో ఆగిపోతుంది. నేను ఆగితే మీరూ ఆగండి. మాట మొత్తం వచ్చాక అనండి. మధ్యలో ఎవరూ అందివ్వకండి."

నత్తి. మొదటి అక్షరం న. నన్ను ఎన్నడూ అడ్డుకోని అక్షరం. అయినా ఆ మాట నా నోటితో నేను అనడం పుట్టాక అదే మొదటిసారి.

"ఆయ్!" అన్నారు పిల్లలు. వాళ్లకి ఇదొక కొత్త ఆట. నేను ప దగ్గర ఆగాను. వాళ్లు ఊపిరి బిగబట్టారు. కొందరు బుగ్గలు కూడా పూరించారు. నేను నెడుతూనే ఉన్నాను, ఎవరూ కదల్లేదు, ఎవరూ జాలిపడలేదు. మాట వచ్చింది. "పాలు!" అన్నారు, ఒక్క ప తో. బుగ్గలు పూరించినవాడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత నత్తి తగ్గిందని చెబితే అబద్ధం. పలక, కలం, చేట, తాడు, టపా, అన్నింటి దగ్గరా ఆగాను. రోజూ ఆగాను, రోజూ సిగ్గుపడ్డాను. ఆగినా కొంప మునగదని తెలుస్తున్నకొద్దీ ఆగడం కాస్త చిన్నదవుతూ వచ్చింది, అంతే. తరగతి దాటి వరండాలోకి వస్తే మళ్లీ మామూలే. ప్రాక్టికల్ దగ్గరపడేసరికి అన్నం సహించేది కాదు.

పరీక్ష రోజు బయటి పరీక్షకుడిగా ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల పంచె, చేతిలో కలం, చూపు చల్లగానే ఉంది. పక్కన మా లెక్చరరుగారు. ఈసారి నేను ఆవు జోలికి పోలేదు. మన పొలానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అన్న పాఠం పెట్టుకున్నాను. పిల్లలచేత అనిపించి గట్టెక్కే ఏర్పాటు ఏదీ చేసుకోలేదు. గోదావరి అన్నాను. ధవళేశ్వరం అన్నాను. ఆనకట్ట అన్నాను. పిల్లలు అన్నీ అన్నారు. ఆనకట్ట దగ్గర ఆగిన నీళ్లు ఎందులోకి పోతాయి? బోర్డు మీద గీత గీసి, తరగతివైపు తిరిగాను.

"క..."

గడియ పడింది. ఎప్పుడూ పడనంత గట్టిగా పడింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. మా లెక్చరరుగారు తల దించుకున్నారు. పెద్దాయన కాసేపు చూశారు. పాపం, మంచివారు. కుర్చీలో ముందుకు వంగి, చిన్నగా, "కాలువ. కాలువ. ఊఁ, కానీ అమ్మా" అన్నారు.

పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి, చేతులు కట్టుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ అంది: "మాష్టారండీ, మీరు అందియ్యకూడదండి. మా టీచరుగారి మాట ఇంకా వస్తందండి."

లెక్చరరుగారు గద్దించడానికి లేవబోయారు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. కలం బల్ల మీద పెట్టి, ఆ పిల్లతో "తప్పే తల్లీ, కూర్చో" అని, తనూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు. పని ఉంది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, చాలాసేపే పట్టి ఉంటుంది. ఆ గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. నేను తొందరపడలేదు.

"కాలువ" అన్నాను.